టీవీలకు సైటు చూసిన ఆదివారాలు

మనుషుల కళ్ళు చూసి అద్దాలు అమ్మడం నా వృత్తి. వరంగల్‌లో ఒక కళ్ళద్దాల దుకాణంలో ఇప్పటికీ అదే పని చేస్తున్నాను. కానీ ఒకానొక కాలంలో నేను టీవీలకు కూడా సైటు చూశాను. తప్పు చదవలేదు మీరు. గోడకు తగిలించుకునే టీవీలకే. వాటి ముందు స్టూలు వేసుకుని కూర్చుని, అద్దాలు మార్చి మార్చి పెట్టి, "ఎడమ పక్క జర మసకున్నది" అని తీర్పు కూడా చెప్పాను. ఆ పాపం పండి, నెలలు నిండుతున్న భార్యతో సహా నడివీధిలో నిలబడేదాకా వచ్చింది. మీరు నవ్వుకోండి. అప్పుడు నాకు నవ్వే తీరిక లేకపోయింది గనుక నా వాటా కూడా మీరే నవ్వండి.

ముందు ఇంటి సంగతి చెప్పాలి. ఊళ్ళో అద్దె ఇళ్ళు రెండు రకాలు. యాకూబ్ అనే నా పేరు వినగానే "మొన్ననే చుట్టాలకిచ్చినం బిడ్డా" అనేవి ఒక రకం. పేరు అడగకుండా "ఎంతమందుంటరు?" అని అడిగేవి రెండో రకం. చెప్పులరిగేలా తిరిగాక మాకు రెండో రకం దొరికింది. ఇంటాయన మొగిలయ్య కాక. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. పైన ఆయన, సమ్మక్క చిన్నమ్మ. కింద మేము. నా భార్య షబానా ఆ ఇంటిని చూసీ చూడగానే ప్రేమించింది. దానికి కారణం వంటగదీ కాదు, కిటికీలూ కాదు. వీధి మలుపులోనే దవాఖాన ఉంది. ఆమె పుట్టిల్లు ఏటూరునాగారం. అక్కడ కాన్పుకు ఆగితే, నొప్పులొచ్చిన రాత్రి అడవి దాటి రావాలి. "కాన్పయ్యేదాక ఈ ఇల్లు కదలొద్దు. నాకు ఇంకేం వద్దు," అంది. ఆమె నన్ను అడిగింది జీవితంలో అదొక్కటే. మీరు ఆ ఒక్కటీ గుర్తు పెట్టుకోండి. ఎందుకంటే నేను పెట్టుకోలేదు.

కాక మమ్మల్ని గేటు దగ్గరే నిలబెట్టి ఇంటర్వ్యూ చేశాడు.

"ఎంతమంది?"

"ఇద్దరం కాకా. నేను, మా ఆమె."

ఆయన చూపు షబానా పొట్ట మీద ఆగింది. "మరి అది?"

"ఇంకా నాలుగు నెలలున్నది కాకా."

"సరేతీ, దానికి టికెట్ లేదు. రెండే అనుకుంట. కానీ ఇను యాకూబూ. నా బోరు ముసలిది. రెండు సంసారాలకే నీళ్ళిస్తది. మూడో మనిషి సామాన్లతోటి దిగిండా, నేను బండి ఆపుత. అందరినీ దింపుత."

బస్సు వదిలినా కాకను లెక్క వదల్లేదు. పొద్దున్నే మెట్ల మీద కుర్చీ వేసుకుని, గేటు దాటి ఎవరొచ్చినా గాలిలో చూపుడువేలు ఆడించేవాడు. పూలమ్మ ఒకటి. పాలబ్బాయి రెండు. వాళ్ళు తిరిగి పోయేదాకా ఆ వేలు ముడిచేవాడు కాదు. వచ్చినవాళ్ళ లెక్కకూ పోయినవాళ్ళ లెక్కకూ తేడా వస్తే అన్నం తినేవాడు కాదని చిన్నమ్మే చెప్పింది.

ఇక నా జబ్బు గురించి. నాకు జపాను బొమ్మల కథల పిచ్చి. యానిమే అంటారు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, రేపోమాపో తండ్రి కావలసినవాడు బొమ్మలు చూడటమేమిటని మా మామగారు అడిగినప్పుడల్లా "అవి పెద్దవాళ్ళ బొమ్మలు మామా" అని చెప్పి, ఆయన ముఖం మాడాక, మాట ఎంత తప్పుగా వచ్చిందో తెలుసుకునేవాణ్ని.

చాలాకాలం ఆ కథల్ని దొంగ వెబ్‌సైట్లలోనే చూశాను. అదేమన్నా సుఖమా? ఒక్క ఎపిసోడ్ తెరవాలంటే ముందు పేకాట ప్రకటన మూయాలి. దాన్ని మూస్తే బరువు తగ్గించే పొడి. పొడిని మూస్తే, మీ ఫోన్‌లో పదిహేడు వైరస్‌లున్నాయని ఏడ్చే ఒక అమ్మాయి. ఆమెను ఓదార్చి పంపేసరికి ఎపిసోడ్ సగమయ్యేది. ఒకరోజు మా దుకాణంలో ఒకాయన కొత్త ఫ్రేము పెట్టుకుని, అద్దంలో ముఖం చూసుకుని, "ఒక్క నిమిషం, వెలుతుర్ల చూసుకొస్త" అని బయటికి నడిచి, ఆ వెలుతురులోనే కలిసిపోయాడు. సాయంత్రం దాకా ఆ దొంగను తిట్టాను. ఇంటికొచ్చి, తిడుతూనే దొంగ సైటు తెరిచాను. అక్కడ నా వేలు ఆగిపోయింది. అల్లా సాక్షిగా ఆ రోజు నాకు నిజంగానే సిగ్గేసింది. ఇకనుంచి డబ్బు కట్టే చూడాలనుకున్నాను.

అంత మంచి నిర్ణయం తీసుకున్నవాడు అక్కడితో ఆగిపోవాలి. నేను నా మిత్రులకు ఫోన్ చేశాను.

మిత్రులు ఇద్దరు. రఫీకి వర్ధన్నపేటలో పురుగుమందుల దుకాణం. శ్రీనుది నర్సంపేటలో మోటార్లకు వైండింగు చేసే కొట్టు. ముగ్గురం డిగ్రీలో ఒకే బెంచీ. ముగ్గురికీ ఒకే పిచ్చి. అప్పట్లో మేమంతా ప్రాణం పెట్టి చూస్తున్న కథ ఒకటి ఉండేది. తన ఊరిని మింగేసిన చేపను వెతుక్కుంటూ, ఒక చిన్న పిల్ల గరిటె పట్టుకుని పడవ మీద పోతుంటుంది. అంతే కథ. కానీ చూడండి, ఒక్కసారి ఎక్కితే దిగలేరు.

"భాయ్, ముగ్గురం మూడు కొనుడెందుకు? ఒక్కటి కొందాం, తలా కొంత వేసుకుందాం," అన్నాడు రఫీ.

"పొద్దుగాల రఫీ, పగటీలి నేను, రాత్రి నువ్వు. షిఫ్టుల లెక్క," అన్నాడు శ్రీను.

చవక పథకం తీసుకున్నాం. ఒకసారికి ఒక్క తెర మీదే ఆడుతుంది. నా పేరు మీద ఖాతా తెరిచి, చూసేవాళ్ళ జాబితాలో షబానా, రఫీ, శ్రీను పేర్లు కూడా ఎక్కించాను. అయితే ఆ కంపెనీవాళ్ళకు ఒక నియమం ఉంది. ఖాతా ఒక ఇంటికే. ఇంట్లోవాళ్ళే చూడాలి. ఏదో సందేహం వచ్చినట్టు నటించి వాళ్ళ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. అవతల ఒక మర్యాదస్తురాలు ఎత్తింది.

"మిగతా ఇద్దరూ మీ ఇంట్లోనే ఉంటారా సార్?"

"ఉంటారు మేడమ్."

"మీకు ఏమవుతారు?"

"ఒకరు భాయ్. ఒకరు తమ్ముడు."

ఇందులో అబద్ధమేముందని నన్ను నేనే సముదాయించుకున్నాను. మా ఊళ్ళో చుట్టం కానివాడెవడు? టీ కొట్టాయన మామ. ఆటో ఆయన అన్న. చౌరస్తాలో బండికి బండి తగిలినా, ముందు "అన్నా" అని పిలిచాకే బూతులు మొదలుపెడతారు. ఆ లెక్కన ఆ కంపెనీ ఒక్క ఖాతాతో ఉమ్మడి జిల్లా మొత్తానికి చూపించాలి. అలా ఒకే ఇంటికి రెండు జనాభా లెక్కలు తయారయ్యాయి. ఇంటాయన దగ్గర ఇద్దరం. కంపెనీ దగ్గర నలుగురం. "ఎప్పుడైనా ఎవరైనా అడిగితే, ఈ ఇంట్లనే ఉంటమని చెప్పాలె, ఏది ఏమైనా మాట మార్చొద్దు," అని మిత్రులిద్దరికీ పాఠం చెప్పాను. బెంచీ మీద ఒక్క పాఠం కూడా నేర్చుకోని వెధవలు దీన్ని మాత్రం కంఠతా పట్టారు.

ఒక నెల గడిచింది. కంపెనీ నుంచి కబురొచ్చింది. ఖాతా వాడే ప్రతి టీవీ నెలకోసారైనా ఇంటి వైఫైకి కలవాలట. లేదంటే ఆ టీవీ ఈ ఇంటిది కాదని తేల్చి, బొమ్మ ఆపేస్తారట.

"ఫోన్‌ల చూడుండ్రిరా," అన్నాను.

"ఫోన్‌ల చేప చీమంత కనవడ్తది భాయ్," అన్నాడు రఫీ.

"మరెట్ల?"

"టీవీనే పట్టుకొస్త."

ఇక్కడ బుద్ధి ఉన్నవాడెవడైనా "వద్దు" అనేవాడు. నేను "దుప్పట్ల చుట్టుకొని రా" అన్నాను.

అలా ఆ ఆదివారం వర్ధన్నపేట నుంచి ఒక టీవీ ఆటో ఎక్కి, కొత్త పెళ్ళికూతురిలా పూల దుప్పటి కప్పుకుని వచ్చింది. నర్సంపేట టీవీ బైకు మీద బయల్దేరింది. వెనక కూర్చున్న శ్రీను బామ్మర్ది దాన్ని రెండు చేతులా నిలువుగా పట్టుకుంటే, అది గాలికి తెరచాపలా పొంగి, ఆ ఇద్దరినీ తామెన్నడూ చూడని రెండు ఊళ్ళ మీదుగా తిప్పి తెచ్చిందట. మా గేటు ముందు దిగేసరికి బామ్మర్ది చేతులు అలాగే చాచి ఉండిపోయాయి. మూయడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది.

మెట్ల మీద కాక వేలు లేచింది.

"ఏందది?"

"టీవీ కాకా."

"గది?"

"అది గుడ టీవీనే."

"నీ ఇంట్ల ఒకటున్నది కదా! సామాన్లు దిగుతానయంటే మనుషులు దిగుతానట్టే. ఎవలు దిగుతాండ్లు?"

 కిటికీలోంచి షబానా చూస్తోంది. ఆ క్షణంలో ఏ పంతులో అయితే ట్యూషన్ అనేవాడు, ఏ దర్జీ అయితే కొలతలనేవాడు. నా నోట్లో నా వృత్తే ఉంది. అదే ఊడిపడింది.

"సైటు చూస్తాన్న కాకా."

"ఎవలికి?"

"టీవీలకు."

కాక కుర్చీలోంచి లేచాడు. అయిపోయింది అనుకున్నాను. నేనాగలేదు. బురదలో దిగబడినవాడు కాలు తీయబోయి రెండో కాలు కూడా దింపినట్టు, ఇంకా చెప్పుకుంటూ పోయాను.

"షాపుల కొత్తగ మొదలువెట్టినం కాకా. మనిషికి సైటొచ్చినట్టే తెరకు గుడ వస్తది. తెరకు సైటొస్తే, దాన్ని చూసేటోళ్ళ కండ్లు గుంజుతయి."

 కాక మెట్ల వైపు తిరిగి పైకి అరిచాడు. "సమ్మక్కా! నీకు ఏడాదికోసారి అద్దాలు ఎందుకు మారుతానయో ఇప్పుడు తెలిసింది! నీ కండ్లు మంచిగనే ఉన్నయి! సైటొచ్చింది మన టీవీకి!"

పావుగంటలో ఆయన టీవీ కూడా మా హాల్లో ఉంది.

గోడకు ఆనించి మూడు టీవీలు. పక్కన రఫీ, శ్రీను దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటున్నారు. కాక, చిన్నమ్మ కుర్చీల్లో పేషెంటు తాలూకు మనుషుల్లా కూర్చున్నారు. నేను దుకాణం నుంచి ఇంటికి తెచ్చుకున్న పెట్టె తెరిచి, గుండ్రటి అద్దాలు మార్చే ఆ పరీక్ష ఫ్రేము తీసి, కాక టీవీ ముందు పట్టుకున్నాను. ఒక అద్దం పెట్టాను. తీశాను. ఇంకొకటి పెట్టాను. తల ఊపాను. పరీక్షలు చేసే ప్రతివాడికీ ఎప్పుడు తల ఊపాలో తెలుస్తుంది. అది చదువులో రాదు.

"ఎడమ పక్క జర మసకున్నది కాకా."

"నాకు గుడ గా దిక్కే మసక బిడ్డా!" అంది చిన్నమ్మ చేతులు జోడించి.

"నడిపిచ్చి చూడవా? నడవకుంట ఎట్ల తెలుస్తది?" అన్నాడు కాక.

కింద కేబులు లేదు. ఆ టీవీని మా వైఫైకి కలిపి, నా ఖాతానే తెరిచి, చేప కథ పెట్టాను. తెలుగు మాటలతోనే వస్తుంది. గరిటె పట్టుకుని పిల్ల పడవెక్కింది. నేను వంటింట్లోకి పోయి, తడిగుడ్డ తెచ్చి, మందు పూస్తున్నట్టు ఎడమ పక్క తెరను బాగా తుడిచాను. ఏళ్ళ నాటి సాంబ్రాణి పొగ జిడ్డు ఊడి వచ్చింది.

"అయ్యో, కనవడ్తాంది! అన్నీ కనవడ్తానయ్!" అంది చిన్నమ్మ. ఆ తర్వాత ఆమె గొంతు మారింది. "ఊరికి ఊరినే మింగిందా గా చేప? మరి ఆ పిల్ల తిన్నదా? ఎవలన్న ఇంత బువ్వ పెట్టిండ్లా?"

టీవీని పైకి మోసుకెళ్ళి తగిలించి వచ్చాం. ఖాతా మూయడం మరిచిపోయాను. మా వైఫై పైదాకా అందుతుంది.

చిన్నమ్మ ఊరుకుంటే బాగుండేది. తనకు కళ్ళు వచ్చిన సంగతి నల్లా దగ్గర చెప్పింది. మరుసటి ఆదివారం లేచి తలుపు తీస్తే, గేటు బయట వీధి వీధంతా టీవీలతో నిలబడి ఉంది. సంచుల్లో, చద్దర్లలో, ఒకరైతే చంటిదాన్ని ఎత్తినట్టు భుజాన.

"తమ్మీ, మా టీవీకి దగ్గరిది కనవడ్తాంది, దూరంది కనవడ్తలేదు," అంది ఎదురింటి అక్క.

"అంటే ఎట్లక్కా?"

"పక్కన కూసుంటే మంచిగున్నది. వంటింట్లకెళ్ళి చూస్తే మంచిగలేదు."

ఇంకొకాయన టీవీ దింపుకుని రహస్యంగా అడిగాడు. "ఆపరేషన్ పడ్తదా డాక్టర్ సాబ్?"

నేను అందరి టీవీలూ తుడిచి పంపాను. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. అందువల్ల నా మీద నమ్మకం ఇంకా పెరిగింది. కాక మెట్ల మీద నిలబడి, "ఒకరి వెనుక ఒకరు! ముందు దిగేటోళ్ళను దిగనియ్యుండ్రి!" అని వరస నడిపించాడు. రిటైరయ్యాక ఆయన ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

లోపల షబానా నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏందయ్యా ఇది?"

"ఒక్క అబద్ధం షబానా. జర ఓపిక పట్టు, అదే సద్దుమణుగుతది."

"ఒక్కటెక్కడున్నది? నాకంటె ముందు నీ అబద్ధం కాన్పయింది. కవలలు గుడ. కాకకు తెలిసిననాడు మనల్ని దింపుతడు. నేను ఏటూరునాగారం పోత. నువ్వు ఈ టీవీల నడుమ పండుకొని నీ చేపను చూసుకో."

అంటూ గోడ పట్టుకుని మెల్లగా కూర్చుంది. ఆమె కోపంగా అనుంటే భయపడేవాణ్ని కాదు. మామూలుగా అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయినా నిజం చెప్పే ధైర్యం రాలేదు. అబద్ధం చెప్పేటప్పుడు ఎవరి అనుమతీ అడగని నాలుక, నిజం చెప్పమంటే ముహూర్తం చూస్తుంది.

ఇంతలో కొత్త గొడవ. రఫీ ఫోన్.

"భాయ్, పొద్దుగాల నా షిఫ్టుల బొమ్మ వస్తలేదు. 'ఈ ఖాతాలో ఇప్పుడు వేరొకరు చూస్తున్నారు' అని వస్తాంది. శ్రీను గాడు నా టైముల చూస్తాండు."

పది నిమిషాలకు శ్రీను. "అన్నా, పగటీలి రఫీ గాడు బంద్ చేస్తలేడు. మందుల దుకాణంల ఏం గిరాకి లేదా వానికి?"

"కసం భాయ్, నేను కాదు," అని ఒకడు. "మా అమ్మ మీద ఒట్టు, నేను కాదు," అని ఇంకొకడు. రాత్రి నా వంతులోనూ అదే మాట వస్తుంటే, ఇద్దరూ కలిసి నన్ను మోసం చేస్తున్నారని నేననుకున్నాను. పదేళ్ళ స్నేహం. ఒకరినొకరం దొంగలమని పిలుచుకున్నాం. నిజానికి ముగ్గురం దొంగలమే గనుక ఆ మాట ఎవరికీ సరిగ్గా తగల్లేదు. మా నెత్తి మీద, సరిగ్గా ఒక అంతస్తు పైన, పొద్దున టీ నుంచి రాత్రి పడక దాకా ఎవరు చూస్తున్నారో మాకు తట్టనే లేదు.

తేల్చుకుందామని, మళ్ళీ నెల తిరిగి టీవీలు కలపాల్సిన ఆదివారం ఇద్దరూ టీవీలతో సహా దిగారు. వాటిని వైఫైకి కలిపి బొమ్మ పెడుతూనే హాల్లో గొంతులు లేచాయి. "నువ్వంటే నువ్వు" అని ముగ్గురం అరుచుకుంటుంటే, తలుపు దగ్గర నీడ పడింది. మొగిలయ్య కాక. చేతుల్లో ఆయన టీవీ.

"యాకూబూ, జర మళ్ళ చూడు. చేప నోరు తెరిచింది. ఆ పిల్ల గరిటె ఎత్తింది. గప్పుడే ఆగింది. 'వేరొకరు చూస్తున్నారు' అని రాస్తాంది. నా ఇంట్ల నా టీవీల వేరొకలెవలు?"

మా షిఫ్టులు మింగుతున్నది ఎవరో నాకు అప్పుడు తెలిసింది. నేనేదో అనేలోపే రఫీ ఉత్సాహంగా ఆ టీవీ అందుకుని ప్లగ్గు పెట్టాడు. తెర మీద వరసగా నాలుగు బొమ్మ ముఖాలు వచ్చాయి. పైన "ఈ ఇంటి సభ్యులు" అని రాసి ఉంది. యాకూబ్. షబానా. రఫీ. శ్రీను.

కాక వేలు లేచింది. ఒకటి. రెండు. మూడో ముఖం దగ్గర ఆగింది.

"ఇంటి సభ్యులా? రెండనే కదా చెప్పినవ్? రఫీ ఎవలు?"

"నేనే కాకా," అన్నాడు రఫీ.

"నువ్వేడుంటవ్?"

రఫీ నా వైపు చూశాడు. నేను కనుబొమలు ఎగరేశాను. "వద్దురా" అని నా భావం. పాఠం గుర్తు చేస్తున్నానని వాడి భావం.

"ఈడనే కాకా! మొదటిసంది ఈడనే ఉంటాన్న."

"నువ్వు?" అని శ్రీనును అడిగాడు కాక.

నేను దగ్గాను. ఇంకా గట్టిగా చెప్పమంటున్నానని వాడనుకున్నాడు.

"నేను గుడ ఈడనే! ఒకటే పొయ్యి, ఒకటే కుండ. పండుకునుడు ఈడనే, తానం చేసుడు ఈడనే."

"తానమా?" కాక గొంతు కీచుమంది. "రోజూ?"

"రోజుకు రెండుసార్లు కాకా!" అన్నాడు శ్రీను, నా వైపు గర్వంగా చూస్తూ. "మాది మోటార్ల పని. జిడ్డు ఊకె పోదు."

"అందుకేనా మాపటికే ట్యాంకి ఒడుస్తాంది!" కాక వేలు గేటు వైపు తిరిగింది. "సామాన్లు సదురుకో యాకూబూ. ఫస్టు తారీఖుకు ఇల్లు ఖాళీ కావాలె."

వంటింటి గడప దగ్గర షబానా కనిపించింది.  రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని నిలబడింది. అంతే. ఆ నిలబడటం చూశాక నా నాలుక ముహూర్తం చూడటం మానేసింది.

అంతా చెప్పేశాను. దొంగ సైటు నుంచి మొదలుపెట్టి, ఒక్క ఖాతా, కంపెనీకి చెప్పిన అబద్ధం, వైఫై కోసం టీవీలు మోయడం, అన్నీ. వీళ్ళిద్దరూ మా ఇంట్లో ఒక్క చెంబు నీళ్ళు కూడా పోసుకోలేదని చెప్పాను. బోరు నిజంగానే ముసలిదని కూడా చెప్పాను. కాక ఎర్రగా చూస్తూ విన్నాడు.

"అంటే, ఒక్క టికెట్ కొని ముగ్గురెక్కిండ్లు."

"ఔ కాకా."

"మరి టీవీలకు సైటు?"

"రాదు కాకా."

"మీ చిన్నమ్మకు కనవడ్తాంది కదా?"

"నేను తెర తుడిచిన కాకా."

కాక ముఖంలో రంగులు మారాయి. ముప్పై ఏళ్ళు బస్సులో ఎవరి చేతా మోసపోని మనిషి, తడిగుడ్డ చేతిలో మోసపోయాడు. "ఫస్టు తారీఖు" అని ఇంకోసారి అనబోతుండగా పైనుంచి చిన్నమ్మ కేకేసింది.

"ఏమాయె? చేప మింగిందా, లేదా?"

"మింగలే! వీళ్ళను ఖాళీ చేపిస్తాన్న!"

చిన్నమ్మ మెట్లు దిగి వచ్చింది. మొత్తం విని, ఒక్కటే అడిగింది. "యాకూబు పోతే చేప గుడ పోతదా?"

"పోతది చిన్నమ్మా. ఖాతా నాదే కదా," అన్నాను. అల్లా మీద ప్రమాణం, బెదిరించాలని కాదు. అప్పుడే నిజాలు మొదలుపెట్టినవాణ్ని, అలవాటు కాక ఒకటి ఎక్కువ చెప్పాను.

చిన్నమ్మ కాక వైపు చూసింది. ఏళ్ళ తరబడి సంసారం చేసినవాళ్ళు చూసుకునే చూపు అది. కాక గొంతు సవరించుకున్నాడు. కండక్టరు నిలబడ్డట్టు కాళ్ళు ఎడంగా పెట్టి తీర్పు చెప్పాడు.

"ఇగో, ఇనుండ్రి. ఎవల టికెట్ వాళ్ళు కొనాలె. ఇప్పుడే, నా ముంగట. రఫీ, నీది. శ్రీను, నీది. టీవీలు మళ్ళ ఈ గేటు దాటి రావొద్దు."

ఇద్దరూ ఫోన్లు తీసి, తలలు వంచుకుని, ఎవరి ఖాతా వాళ్ళు తెరిచారు. రఫీ మధ్యలో ఆగి నోరు తెరిచాడు.

"భాయ్, వర్ధన్నపేటకెళ్ళి టీవీకి ఆటో కిరాయి, దీని నెల ఖర్చుకంటె ఎక్కువయింది."

"ఇప్పుడు చెప్తానవారా?"

"ఇప్పుడే లెక్కేసిన."

శ్రీను మాత్రం ఊరుకోలేదు. "మరి కాకా, మీరు గుడ యాకూబన్న ఖాతాల్నే చూస్తాండ్లు కదా. మీ టికెట్?"

 కాక వాణ్ని కింద నుంచి పైదాకా చూశాడు. బస్సు ఉద్యోగులు టికెట్ తీసుకోకుండా ఎక్కి అనే తీరులో, తొణక్కుండా ఒక్క మాట అన్నాడు.

"స్టాఫ్."

దాని మీద అప్పీలు లేదు.

"మరి ఇల్లు కాకా?" అని షబానా మెల్లగా అడిగింది. ఆ రోజు ఆమె నోరు విప్పింది అప్పుడే.

"తప్పు తప్పే బిడ్డా. ఖాళీ చెయ్యాలె," అన్నాడు కాక చిన్నమ్మ వైపు చూడకుండా. "కానీ గా కథ నడుమల దింపుడు మంచిగుండదు. ఆ పిల్లకు చేప దొరికేదాక ఉండుండ్రి. దొరికిన నెల ఫస్టుకు తాళంచెవి ఇయ్యాలె. మాట తప్పొద్దు."

ఇక్కడొక చిక్కుంది. ఎందుకంటే ఆ కథ అయిపోయింది కాదు. ఏళ్ళ నుంచి నడుస్తోంది. ఇంకా గీస్తూనే ఉన్నారు. ఆ చేప ఎప్పుడు దొరుకుతుందో గీసేవాళ్ళకే తెలియదని లోకమంతా మొత్తుకుంటోంది. నిజాయితీ కొత్తగా పట్టుకున్నవాణ్ని కదా, ఇదీ చెప్పేయాలనుకున్నాను.

"కాకా, ఒక మాట. ఆ చేప..."

షబానా మడమ నా పాదం మీద పడింది. నెలలు నిండుతున్న మనిషి, పూర్తి బరువు.

"ఇవ్వాల్టికి నిజాలు చాలు," అంది నాకు మాత్రమే వినిపించేలా.

కాక వేసిన జరిమానా ఒకటి మిగిలింది. ఇంటింటికీ తిరిగి, టీవీలకు సైటు రాదని నా నోటితో చెప్పి రావాలి. చెప్పాను. ఎదురింటి అక్క వినలేదు. "నువ్వు చూసినంక మంచిగనే కనవడ్తాంది తమ్మీ. చేసిన మేలు దాచుకుంటానవ్, ఎంత మంచోనివి!" అని చేతిలో సకినాలు పెట్టింది. అబద్ధాన్ని ఊళ్ళోకి పంపడం సులువు. వెనక్కి పిలిస్తే అది రాదు. వచ్చినా సకినాలతో వస్తుంది.

కాన్పు మలుపులోని దవాఖానలోనే అయింది. కూతురు. వార్త చెప్పడానికి పరుగెత్తుకొస్తే, మెట్ల మీద కాక వేలు ఎత్తి, "మూడు" అని, ఆ వేలితోనే కళ్ళు తుడుచుకున్నాడు. మా పాప ఇప్పుడు బడికి పోతోంది. మేమింకా ఆ ఇంట్లోనే ఉన్నాం. కథ ఇంకా నడుస్తోంది. ప్రతి వారం కొత్త ఎపిసోడ్ రాగానే పైనుంచి కాక గొంతు వినిపిస్తుంది. "దొరికిందా?" అని ఆయన అడుగుతాడు. "యాడ దొరికె, మళ్ళ జారిపోయింది!" అని చిన్నమ్మ నిట్టూరుస్తుంది. కింద నేనూ షబానా ఊపిరి వదులుతాం.

కాబట్టి చదువరులారా, చెయ్యెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ కథ చూసినా నా టికెట్ నేనే కొంటాను. స్నేహితుల్ని అన్నదమ్ములనే పిలుస్తాను గానీ, ఆ సంగతి ఏ కంపెనీకీ చెప్పను. రెప్పలు లేని దేనికీ సైటు చూడను. ఫ్రిజ్ పట్టుకొచ్చి కాళ్ళ మీద పడ్డా సరే, చూడను. అబద్ధమనేది ఈ జన్మకు మళ్ళీ ఆడను. తౌబా, తౌబా, తౌబా.

మీరు కూడా నాకొక్క మాట ఇవ్వాలి. ఎప్పుడైనా, ఎక్కడైనా, ఆ పిల్లకు ఆ చేప దొరికిందని మీకు తెలిస్తే, దయచేసి మా మొగిలయ్య కాకకు మాత్రం చెప్పకండి.